గట్టు మీది పూలు: అమెరికా దక్షిణాది వసంతంపై మీ ప్రశ్నలు, నా జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాలన్నీ దాదాపు ఒకే ఊసు. ఫిబ్రవరి నెలాఖరు నుంచి మే దాకా జార్జియా, అలబామా, రెండు కరోలినాలు, టెన్నెసీ, టెక్సస్ పల్లెదారుల్లో వెళ్లేవాళ్లకు కళ్లు రోడ్డు మీద నిలవవు. రోజుకో పువ్వు కొత్తగా కనిపిస్తుంది. దాని పేరేమిటో, కోయొచ్చో లేదో, తినొచ్చో లేదో తెలియదు.

కొత్త పాఠకుల కోసం ఒక మాట. తెనాలి వైపు కాలేజీలో బోటనీ చెప్పాను, ఇప్పుడు జార్జియాలో ఏథెన్స్‌కు దగ్గరలో ఒక చిన్న ఊళ్లో ఉంటున్నాను. పువ్వు రంగు ఒక్కటే రాసి పంపితే పేరు చెప్పను. ఆకు ఎలా ఉంది, కాడ గుండ్రమా పలకలా, నలిపితే వాసన వస్తుందా, నేల తడిగా ఉందా పొడిగా ఉందా అన్నవి కూడా రాయండి. ఈసారి చాలామంది రాశారు, సంతోషం.

ప్రశ్న: మా నాన్నగారు సూర్యాపేట దగ్గర వ్యవసాయం చేస్తారు. ఇప్పుడు మా దగ్గర ఉన్నారు. అట్లాంటా నుంచి వస్తుంటే హైవే పక్కన మైళ్ల కొద్దీ ఎర్రటి పూలు చూసి, "ఇది పశుగ్రాసమా, అందానికి వేసిందా?" అని అడిగారు. నాకు తెలియలేదు.
— ఒక కూతురు, ఆగస్టా, జార్జియా

జవాబు: రెండూనని చెప్పండమ్మా. అది క్రిమ్సన్ క్లోవర్. ఐరోపా నుంచి వచ్చిన మొక్క. జనుము, జీలుగ, పిల్లిపెసర వేసి పూతకు రాగానే దున్నేస్తామే, ఇక్కడి రైతులు దీన్నీ అలాగే వాడతారు. సెప్టెంబరు, అక్టోబరుల్లో విత్తనం చల్లితే చలికాలమంతా నేలబారుగా ఉండి, ఏప్రిల్‌లో మోకాలి ఎత్తుకు లేచి పూస్తుంది. రోడ్డు కట్టల మీద మట్టి కోసుకుపోకుండా పట్టి ఉంచుతుందనీ, కంటికి ఇంపుగా ఉంటుందనీ హైవే పక్కన కూడా చల్లుతారు.

నాన్నగారు రైతు కాబట్టి ఒక మొక్కను వేరుతో సహా తీసి చూపించండి. వేళ్ల మీద చిన్న చిన్న బుడిపెలుంటాయి. ఒక బుడిపెను గోటితో చీలిస్తే లోపల గులాబీ రంగు కనిపిస్తుంది. ఆ రంగు ఉంటే అక్కడి బాక్టీరియా గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకు ఇస్తోందన్నమాట. బుడిపె లోపల తెల్లగానో పచ్చగానో ఉంటే ఆ పని ఇంకా మొదలు కాలేదు, లేదా అయిపోయింది. పిల్లిపెసర వేరులోనూ ఇంతేనని ఆయనే మీకు చెబుతారు.

మేతకు మంచిదే, కానీ పూత ముదరక ముందే మేపాలి. ముదిరిన పూగుత్తిలోని గరుకు నూగు గుర్రాల పేగుల్లో ఉండ కట్టి ప్రాణం మీదికి తెస్తుంది. ఇంకొక్క మాట. ఇంటర్‌స్టేట్ మీద కారు ఆపి పూల దగ్గరికి వెళ్లొద్దు. ఊరి రోడ్ల మీద ఎక్కడో ఒకచోట ఇదే పువ్వు దొరుకుతుంది.

ప్రశ్న: ఖమ్మం నుంచి మా అమ్మాయి దగ్గరికి వచ్చాను. పెరట్లో కంచె మీద పసుపుపచ్చ పూల తీగ ఉంది. ఆకు కోలగా, నున్నగా, కణుపుకు రెండేసి ఉంటుంది. జాజిపూల లాంటి కమ్మని వాసన. రోజూ కోసి దేవుడికి పెడుతున్నాను. నాలుగేళ్ల మనవడు ఆ పువ్వు తొడిమ లాగి తేనె పీలుస్తానంటాడు, పక్కింటి పిల్లలు నేర్పారట. పరవాలేదా?
— ఒక అమ్మమ్మ, మేకన్, జార్జియా

జవాబు: వద్దమ్మా. మనవణ్ణి ఆ పువ్వు నోట్లో పెట్టనివ్వకండి. ఈ ఉత్తరానికి సంచిక వచ్చేదాకా ఆగకుండా మీ అమ్మాయికి ముందే కబురు పంపాను.

మీరు రాసిన ఆకునుబట్టి అది కరోలినా జెస్సమిన్. పేరూ వాసనా జాజిని తలపిస్తాయి గానీ దానికీ జాజికీ చుట్టరికం లేదు. పువ్వు, ఆకు, వేరు, చివరికి తేనె కూడా విషమే. నరాల మీద, ఊపిరి మీద పనిచేసే విషం. తేనెటీగలకు కూడా దీని తేనె పడదు. దక్షిణ కరోలినా 1924లో దీన్నే రాష్ట్ర పుష్పంగా ఎంచుకుంది. విషమైనంత మాత్రాన నరికేయాల్సిన మొక్కేమీ కాదు. ఫిబ్రవరిలో ఇంకా అడవంతా మోడుగా ఉన్నప్పుడు దేవదారు చెట్ల కొసల దాకా పాకి పసుపు గుత్తులు వేలాడేస్తుంది. నాకు చాలా ఇష్టమైన తీగ.

పక్కింటి పిల్లలు పీల్చేది ఇది కాదు, హనీసకుల్. పల్లెల్లో పిల్లలందరూ దాని తేనె పీలుస్తారు. తేడా చెబుతాను, మీ మనవడికి చూపించండి. హనీసకుల్ ఏప్రిల్ చివరికి గానీ పూయదు. పువ్వు తెల్లగా విచ్చి మర్నాటికి పసుపు తిరుగుతుంది, అందుకే ఒకే తీగ మీద రెండు రంగులూ కనిపిస్తాయి. దాని రెక్కలు రెండు పెదవుల్లా విడిపోయి, లోపలి కేసరాలు బయటికి పొడుచుకొస్తాయి. జెస్సమిన్ మొదటి నుంచీ పసుపే. గొట్టం చివర సమానమైన అయిదు రెక్కలు గుండ్రంగా విచ్చుకుంటాయి. అయినా నాలుగేళ్ల పిల్లవాడికి ఈ తేడాల కంటే "అమ్మమ్మను అడక్కుండా ఏ పువ్వూ నోట్లో పెట్టకూడదు" అన్న మాటే క్షేమం.

దేవుడికి పెట్టడానికి అభ్యంతరం లేదు. కోశాక చేతులు సబ్బుతో కడుక్కోండి, పడిన పూలు పిల్లవాడికి అందకుండా తీసేయండి, తీర్థంలో వేయకండి. ఎప్పుడైనా పొరపాటున మింగితే 1-800-222-1222 విష సహాయ కేంద్రం. దేశమంతా ఒకటే నంబరు, రాత్రీ పగలూ పలుకుతారు. మనిషి సోలిపోయినా, ఊపిరి అందకపోయినా నేరుగా 911.

ప్రశ్న: మాది బాపట్ల. ఇక్కడ మాంట్‌గోమరీ దగ్గర పల్లపు పొలాలన్నీ మార్చి నెలాఖరుకు పసుపు తివాచీ పరిచినట్టు ఉన్నాయి. ఆవ చేనే అనుకుంటున్నాం. లేత ఆకు తెచ్చి పప్పులో వేసుకోవచ్చా? కాడ లావుగా, బోలుగా ఉంది, గీతలు గీతలుగా ఉంది.
— ఒక దంపతులు, అలబామా

జవాబు: కాడ గురించి రాసి మంచి పని చేశారు. అది ఆవ కాదు, బటర్‌వీడ్. తినకూడదు.

పువ్వును దగ్గరగా పట్టుకు చూడండి. ఆవపువ్వుకు నాలుగే రెక్కలు, ఎదురెదురుగా, కూడలి ఆకారంలో. ముల్లంగి, క్యాబేజీ కూడా ఆ కుటుంబమే, అన్నిటికీ ఆ నాలుగు రెక్కలే. మీ పొలంలోని పువ్వుకు మధ్యలో పసుపు బొడ్డు, చుట్టూ చాలా రెక్కలు ఉంటాయి. అది చామంతి, పొద్దుతిరుగుడు కుటుంబం. నిజానికి ఆ ఒక్కొక్క రెక్కా ఒక్కొక్క పువ్వు, మధ్య బొడ్డులోవి ఇంకొన్ని పదుల పూలు. నీరు నిలిచే పల్లం నేల, బోలుగా గాళ్లు తీరిన కాడ, అడుగున ఊదా చారలు ఉంటే బటర్‌వీడే. సోయా, పత్తి వేయడానికి ఇంకా దున్నని చేలల్లో అది ఇలా విరగబూస్తుంది.

ఇందులో కాలేయాన్ని దెబ్బతీసే ఆల్కలాయిడ్లు ఉన్నాయి. ఉడికించి నీళ్లు వంపినా నమ్మడానికి లేదు. ఒకసారి తింటే ఏమీ కాలేదని మళ్లీ మళ్లీ తినేవాళ్లకే ఎక్కువ చేటు, ఎందుకంటే అది లోపల లోపల కూడుకునే విషం. పశువులకూ ఇదే ప్రమాదం.

ఆవజాతి మొక్కలు కూడా మీ చుట్టుపక్కల ఉన్నాయి. మెట్ట చేలల్లో అడవి ముల్లంగి పూస్తుంది. నాలుగు లేత పసుపు రెక్కల మీద సన్నని ఈనెలు కనిపిస్తాయి. ఆకు నలిపితే ముల్లంగి ఘాటు కొడుతుంది. కానీ చేలల్లో కలుపుమందులు కొడతారు, ఎవరి పొలమో తెలియదు. ఆవకూర తినాలనుంటే రైతుబజారులో మస్టర్డ్ గ్రీన్స్ అని కట్టలు కట్టి అమ్ముతారు. దక్షిణాది వాళ్లకు అది రోజువారీ కూర. మన పప్పులో బ్రహ్మాండంగా ఉంటుంది.

ప్రశ్న: పశువుల బీళ్లలో ఏప్రిల్‌లో నేలంతా ఎర్రటి పొగ కమ్మినట్టు కనిపిస్తోంది. దగ్గరికెళ్తే జానెడు, మూరెడు కంకులు. పూలని చెప్పడానికేమీ లేదు. ఏమిటిది?
— ఒక వెటర్నరీ విద్యార్థి, జార్జియా

జవాబు: బాబూ, ఒక ఆకు తుంచి, కడిగి, కొన నాలుక మీద పెట్టుకో. పుల్లగా ఉంటే అది నువ్వు చిన్నప్పటి నుంచీ తిన్న చుక్కకూరకు పెదనాన్న బిడ్డ.

షీప్ సారెల్ అంటారు. దక్షిణ జార్జియా ఇసుక నేలల్లో దానితో పాటు హార్ట్‌వింగ్ సారెల్ కూడా ఉంటుంది. రెండూ చుక్కకూర ప్రజాతే, రూమెక్స్. ఆకు ఈటె మొనలా ఉండి, అడుగున రెండు చెవులు పక్కలకు సాగి ఉంటాయి. ఇంత ఖచ్చితమైన గుర్తు ఇంకే కలుపుకూ లేదు. మగ మొక్కలు వేరు, ఆడ మొక్కలు వేరు. నువ్వు చూసిన ఎరుపులో ముదురుగా ఉన్నవి చాలా వరకు ఆడ కంకులు, గాలికి వచ్చిన పుప్పొడి పట్టి గింజ కడుతున్నవి. మగవి పసుపు ఛాయలో ఉండి, పుప్పొడి రాల్చాక వాడిపోతాయి. ఒక బీడులో నిలబడి ఈ రెండు రంగులూ విడదీసి చూడు, పొలం మొత్తం వేరేగా కనిపిస్తుంది.

నువ్వు వెటర్నరీ చదువుతున్నావు కాబట్టి ఇంకో సంగతి. ఈ మొక్క బీడంతా పరుచుకుందంటే సాధారణంగా అక్కడి నేల ఆమ్లగుణంతో ఉండి, సారం తక్కువై ఉంటుంది. రైతు కలుపుమందు కొట్టి ఊరుకుంటే మళ్లీ వస్తుంది. మట్టి పరీక్ష చేయించి, సున్నం వేసి, మంచి గడ్డి పట్టేలా చేస్తే తగ్గుతుంది. జార్జియా విశ్వవిద్యాలయం వారి ఎక్స్‌టెన్షన్ ఆఫీసు, అంటే రైతులకు సలహాలిచ్చే కార్యాలయం, ప్రతి కౌంటీ రైతుకూ అందుబాటులో ఉంటుంది, మట్టి అక్కడ ఇస్తే చాలు. పశువులు మితిమీరి తింటే ఆక్సలేట్లు ఇబ్బంది పెడతాయన్నది నీకు నేను చెప్పనక్కర్లేదు. మనుషులకూ అంతే. చుక్కకూర పడని వాళ్లు, మూత్రపిండాల్లో రాళ్లున్న వాళ్లు దీని జోలికి పోవద్దు. మందు కొట్టని నీ సొంత పెరట్లో ఉంటే ఒక గుప్పెడు కందిపప్పులో వేసి చూడు. నేను వేస్తాను.

ప్రశ్న: మార్చి మొదట్లో తెల్లగా విరగబూసి, చేపల వాసన కొట్టే చెట్లు ఏమిటి? మా వీధంతా అవే.
— కొలంబియా, దక్షిణ కరోలినా

జవాబు: బ్రాడ్‌ఫర్డ్ పేర్. మీ రాష్ట్రం 2024 అక్టోబరు 1 నుంచి ఆ జాతి మొక్కల అమ్మకాన్ని నిషేధించింది. పక్షులు కాయలు తిని విత్తనాలు జల్లితే బీళ్లలో, అడవి అంచుల్లో ముళ్ల చెట్లై లేస్తున్నాయి. పైగా కొమ్మలు ఇరుకు కోణంలో కలిసి ఉండి గాలివానకు నిలువునా చీలతాయి. మీ పెరట్లో ఉంటే తీసేసి, కింది జవాబులో చెప్పే చెట్టు పెట్టుకోండి.

ప్రశ్న: మా మనవడు అమెరికా నుంచి ఒక ఫోటో పంపాడు. చెట్టుకు ఆకన్నదే లేదు, కొమ్మల మీదా మొద్దు మీదా కూడా గులాబీరంగు పూలు అంటుకొని ఉన్నాయి. మొద్దుకు పూలు పూయడం మేడి, పనసలకు చూశాను గానీ ఇంత అందంగా చూడలేదు. అది ఏ జాతి?
— ఒక నాయనమ్మ, నరసరావుపేట

జవాబు: అమ్మగారికి నమస్కారం. మేడినీ పనసనూ గుర్తు చేశారు, నా విద్యార్థులు ఉంటే పూర్తి మార్కులు వేసేదాన్ని. మీ మనవడు పంపింది రెడ్‌బడ్ చెట్టు. మీ ఊళ్లో గుడి దగ్గరో బడి దగ్గరో దేవకాంచనం ఉండే ఉంటుంది. ఈ రెండూ చిక్కుడు కుటుంబంలో ఒకే చిన్న శాఖకు చెందినవి. దేవకాంచనం ఆకు మధ్యలో చీలి రెండు రెక్కలుగా ఉంటుంది. రెడ్‌బడ్ ఆకు చీలదు, గుండె ఆకారంలో ఉంటుంది. పూలు రాలాక వచ్చే ఆకును ఫోటో తీసి పంపమనండి. అడుగు భాగాన ఈనెలు విడివడే తీరు చూస్తే మీకే పోలిక తెలుస్తుంది. ఆ పూలు తినడానికి పనికొస్తాయి, కొంచెం పులుపు, కొంచెం తీపి. పచ్చిపులుసులో నాలుగు వేసుకొమ్మని చెప్పండి.

ప్రశ్న: ఏప్రిల్ వచ్చిందని బెండ, గోంగూర, బీర విత్తనాలు పెట్టబోతే పక్క పొలం ముసలాయన "డాగ్‌వుడ్ వింటర్ రానీ, బ్లాక్‌బెర్రీ వింటర్ కూడా పోనీ" అన్నాడు. ఇదేం లెక్క? డాగ్‌వుడ్ పూలకూ చలికీ సంబంధమేమిటి?
— షార్లెట్ దగ్గరి పల్లె, ఉత్తర కరోలినా

జవాబు: ఆ ముసలాయన మాట వినండి. మన రైతులు రోహిణి కార్తె, మృగశిర కార్తె అని లెక్క కట్టినట్టే ఇక్కడి పల్లెవాళ్లు పూతను పట్టి లెక్క కడతారు. వసంతం మొదలయ్యాక కూడా చలి రెండు మూడు విడతలు తిరిగి వస్తుంది. మొదటిది రెడ్‌బడ్ పూసే వేళకు, తర్వాతది డాగ్‌వుడ్ పూసే ఏప్రిల్‌లో, ఆఖరిది అడవి బ్లాక్‌బెర్రీ పొదలు తెల్లగా పూసే మే నెల ముందు వెనకల్లో. పువ్వు చలిని తేవడం లేదు. ఆ చెట్టు పూతకు వచ్చే రోజులూ చలిగాలి తిరిగొచ్చే రోజులూ తరతరాలుగా కలిసి కనిపించాయి కాబట్టి ఆ పేర్లు నిలిచాయి. మా పక్కింటి పెద్దావిడ పంచాంగం లాగా వీటిని చెబుతుంది, టమాటా నారు మాత్రం బ్లాక్‌బెర్రీ పూత చూడందే బయటికి తీయదు.

మీ ఊళ్లో ఏప్రిల్ మధ్య దాకా మంచు కురిసే భయం ఉంటుంది. మన కూరగాయలకు మంచు తప్పిపోవడం ఒక్కటే చాలదు. బెండ గింజ చల్లటి మట్టిలో మొలవదు, కుళ్లిపోతుంది. మట్టి వేడి 65 డిగ్రీల ఫారన్‌హీట్ దాటాలి, 70 అయితే ఇంకా మంచిది. గోంగూర, బీర, సొర, దోసకు కూడా అదే లెక్క. మే మొదటి వారంలో పెట్టిన బెండ, ఏప్రిల్ మొదట్లో పెట్టిన బెండను జూన్‌లో దాటిపోతుంది. అప్పటిదాకా చేతులు ఊరుకోకపోతే మెంతికూర, కొత్తిమీర, పాలకూర వేయండి, వాటికి ఈ చల్లదనమే కావాలి.

డాగ్‌వుడ్ పువ్వును మాత్రం ఒకసారి దగ్గరగా చూడండి. నాలుగు తెల్లటి రెక్కలున్నాయే, అవి రెక్కలు కావు, రంగు మారిన ఆకులు, మన కాగితంపూలలో లాగా. ఒక్కోదాని కొసన తుప్పు పట్టినట్టు చిన్న నొక్కు ఉంటుంది. అసలు పూలు నడిమధ్యన ఆవగింజ కంటే కొంచెం పెద్దవిగా, ఆకుపచ్చ పసుపు కలిసిన రంగులో గుంపుగా ఉంటాయి. మీ రాష్ట్రం 1941లో రాష్ట్ర పుష్పంగా పెట్టుకున్నది దీన్నే.

ప్రశ్న: డాలస్‌లో ఉంటాం. ఏటా ఏప్రిల్‌లో ఎన్నిస్ వెళ్లి బ్లూబానెట్ అనే నీలిపూల మధ్య పిల్లల్ని కూర్చోబెట్టి ఫోటోలు తీస్తాం. కోస్తే జరిమానా వేస్తారంటారు, నిజమా? ఒకే కంకిలో కొన్ని పూలకు తెల్ల మచ్చ, కొన్నిటికి ఎర్ర మచ్చ ఎందుకు? మా అమ్మాయి అడిగింది.
— ఇద్దరు పిల్లల తల్లి, టెక్సస్

జవాబు: అమ్మాయి ప్రశ్నే ముందు. బ్లూబానెట్ పువ్వు చిక్కుడు పువ్వు లాంటిదే. పైన నిలబడే పెద్ద రెక్క మీద తెల్ల మచ్చ ఉంటుంది. పువ్వు కొత్తది, లోపల తాజా పుప్పొడి ఉంది అని తేనెటీగకు అది గుర్తు. కొన్ని రోజులకు పుప్పొడి పాతబడేసరికి ఆ మచ్చ ఎర్రబడి, ఊదాకు తిరుగుతుంది. తేనెటీగలు తెల్ల మచ్చ పూల మీదికే ఎక్కువగా పోతాయి. కంకి కింది నుంచి పైకి విచ్చుకుంటుంది కాబట్టి ఎర్ర మచ్చలు కింద, తెల్లవి పైన కనిపిస్తాయి. అమ్మాయిని ఒక కంకి ముందు కాసేపు కదలకుండా కూర్చోబెట్టి, తేనెటీగ ఏ మచ్చ మీద వాలుతోందో చూడమనండి. ఫోటో కంటే అది ఎక్కువ కాలం గుర్తుంటుంది.

బ్లూబానెట్ కోయకూడదని ప్రత్యేకంగా చట్టమేమీ లేదు. కానీ స్టేట్ పార్కుల్లో ఏ మొక్కనూ పాడుచేయకూడదు, ఇంకొకరి పొలంలోకి అడక్కుండా వెళ్లడం నేరం. నన్నడిగితే కోయడం కంటే తొక్కడం పెద్ద నష్టం. ఇది ఏడాది మొక్క. గింజ కట్టి రాలితేనే వచ్చే ఏడాది ఆ చోట పువ్వు. వంద కుటుంబాలు ఒకే చోట కూర్చుంటే అక్కడ మట్టి గట్టిపడి, మరుసటి ఏడు ఆ జాగా బోడిగా మిగులుతుంది. ఇప్పటికే కాలిబాట పడిన అంచున కూర్చోబెట్టండి, వెనక పూలు ఎలాగూ ఫోటోలో నిండుగా వస్తాయి. కూర్చునే ముందు కర్రతో తట్టి పాములు, నిప్పుచీమల పుట్టలు లేవని చూడండి. గింజలు విషం, పిల్లలు కాయలు వలిచి నోట్లో వేసుకోకుండా గమనించండి.

1901లో టెక్సస్ దీన్ని రాష్ట్ర పుష్పం చేసినప్పుడు ఒక్క జాతినే లెక్కలోకి తీసుకున్నారు. ఏ జాతి గొప్పదన్న వాదన చాలాకాలం సాగి, 1971లో రాష్ట్రంలోని అన్ని బ్లూబానెట్ జాతులనూ కలిపేశారు. రోడ్డు పక్కన మీరు చూసే పూలలో కొంత రాష్ట్ర రవాణా శాఖ శ్రమ. ఏటా దాదాపు 30,000 పౌండ్ల అడవిపూల విత్తనాలు చల్లుతారు, గింజ రాలేదాకా గడ్డి కోయకుండా ఆగుతారు.

వాటి మధ్య నారింజ ఎరుపు రంగులో ఉండేది ఇండియన్ పెయింట్‌బ్రష్. అది పక్క మొక్కల వేళ్లకు తన వేళ్లు తగిలించి కొంత ఆహారం లాగుతుంది, మన శ్రీగంధం చెట్టు చేసినట్టే. అందుకే దాన్ని తవ్వి తెచ్చి కుండీలో పెడితే బతకదు.

ప్రశ్న: యూనివర్సిటీ లాన్‌లో ఫిబ్రవరి నుంచే ఊదారంగు చిన్న పూలు. కాడ నాలుగు పలకలుగా ఉంది. పుదీనా జాతి అనుకున్నాను, కానీ వాసన లేదు.
— ఒక విద్యార్థిని, ఆబర్న్, అలబామా

జవాబు: పలకల కాడ పట్టుకున్నావంటే సగం దారి వచ్చేశావు తల్లీ. కుటుంబం అదే. మన తుమ్మి కూడా ఆ కుటుంబమే, తుమ్మికాడ కూడా నాలుగు పలకలే. అక్కడ రెండు మొక్కలు కలిసి ఉండొచ్చు. పై ఆకులకు కాడ లేకుండా కొమ్మను చుట్టూ పట్టుకొని ఉంటే హెన్‌బిట్. పై ఆకులు చిన్న కాడలతో, త్రికోణంగా, ఊదా రంగు తిరిగి ఒకదానిమీద ఒకటి వాలి ఉంటే పర్పుల్ డెడ్‌నెటిల్. చలి వెనకబట్టకుండానే లేచిన తేనెటీగలకు ఆ రోజుల్లో ఇవే ఆధారం. భూతద్దం దొరికితే పువ్వు కింది పెదవి మీది ఊదా చుక్కలు చూడు.

ప్రశ్న: మా అత్తగారు పెరట్లో మొలిచిన తోటకూర అని లేత కొమ్మలు కోసుకొచ్చారు. వేలెడు లావు, కొంచెం ఎర్రగా ఉన్నాయి. ఇక్కడివాళ్లు కూడా దీన్ని వండుకుంటారని చెబితే ధైర్యం వచ్చింది. కానీ వండే ముందు మిమ్మల్ని అడుగుదామని ఫ్రిజ్‌లో పెట్టాను.
— ఒక కోడలు, నాష్‌విల్ దగ్గర, టెన్నెసీ

జవాబు: వండకండి, పారేయండి. అది పోక్‌వీడ్ అయ్యే అవకాశమే ఎక్కువ. అత్తగారికి ఇలా చెప్పండి: తోటకూర ఏడాది మొక్క, ఇసుకరేణువంత గింజ నుంచి మొలవాలి. ఏప్రిల్‌లో నేలలోంచి వేలెడు లావు కొమ్మ ఒక్కసారిగా లేచిందంటే కింద ముల్లంగి లాంటి పెద్ద దుంప వేరు ఉన్నట్టే. తోటకూరకు అది ఉండదు. ఆవిడ ఇన్నేళ్లు తోటకూర వేసిన మనిషి, వెంటనే ఒప్పుకుంటారు.

ఇక్కడి పల్లెల్లో దీన్ని పోక్ సాలెట్ అని, బాగా లేత చిగుళ్లను పదే పదే నీళ్లు మార్చి ఉడికించి తిన్నారు. లేమిలో, చలికాలం నిల్వలు అయిపోయిన రోజుల్లో మొదటి పచ్చికూర అదే. ఆ వండే తీరు చూసి చూసి నేర్చుకున్న వాళ్లది. దాన్ని గౌరవిస్తాను, కానీ ఎవరికీ సలహా ఇవ్వను. వేరు అన్నిటికంటే విషం, ముదిరిన కాడ, ఆకు, వేసవి చివర వచ్చే నల్ల ఊదా పళ్లు కూడా విషమే. పిల్లలున్న ఇంట్లో దుంపతో సహా తవ్వేయండి, చేతికి గ్లౌజులు వేసుకొని.

ప్రశ్న: గ్రీన్‌విల్ దగ్గర అయిదెకరాలు కొన్నాం. కంచె శుభ్రం చేసిన మర్నాటి నుంచి చేతులు దద్దురులు, నీటి బొబ్బలు. అన్నీ మూడాకుల తీగలే. మిగతాది తగలబెట్టేద్దామనుకుంటున్నాం.
— దక్షిణ కరోలినా

జవాబు: తగలబెట్టొద్దు. ఆ పొగ ఊపిరితిత్తుల్లోకి పోతే ఆసుపత్రి పాలవుతారు. అది పాయిజన్ ఐవీ. మామిడి, జీడిమామిడి కుటుంబం. జీడిగింజ పచ్చి తొక్కలోని నూనె తగిలితే చర్మం ఎలా పొక్కుతుందో మీకు తెలిసే ఉంటుంది, ఇదీ ఆ జాతి నూనే. ఒకసారి ఇది పడనివాళ్లకు మామిడి సొన కూడా పెదవుల చుట్టూ పొక్కించవచ్చు, ఈ వేసవిలో మామిడిపండు తొక్క తీసి తినండి.

మూడాకులన్నీ ఇది కాదు. బ్లాక్‌బెర్రీకి ముళ్లుంటాయి, దీనికి ఉండవు. మూడింటిలో నడిమి ఆకు కాడ పొడుగ్గా, పక్క రెండింటి కాడలు పొట్టిగా ఉంటాయి. లేతప్పుడు ఎర్రగా మెరుస్తుంది. ముదిరి చెట్టెక్కిన తీగకు గోధుమరంగు వేర్లు దట్టంగా వెంట్రుకల్లా ఉంటాయి, ఆకు రాలిన చలికాలంలో కూడా ఆ తీగ ముట్టుకుంటే పొక్కుతుంది. తగిలిందని తెలిస్తే పది నిమిషాల్లో సబ్బు, చల్లటి నీళ్లతో రుద్ది కడగండి. బట్టలు విడిగా ఉతకండి, కత్తెరలు, కుక్క ఒళ్లు కూడా కడగండి, నూనె వాటి మీద నిలిచి ఉంటుంది. బొబ్బలోని నీటివల్ల ఇంకొకరికి అంటదు. ముఖం మీదికో కళ్ల మీదికో వస్తే డాక్టరు దగ్గరికి వెళ్లాల్సిందే.

ప్రశ్న: స్మోకీ పర్వతాల్లో మూడు ఆకులు, మూడు తెల్లరెక్కల పువ్వు చూశాం. అడవిలో వేలకొద్దీ ఉన్నాయి. ఒక్క మొక్క తవ్వి తెచ్చుకుంటే ఏమవుతుంది?
— నాక్స్‌విల్, టెన్నెసీ

జవాబు: అది ట్రిలియం. నేషనల్ పార్కులో తవ్వడం నేరమని మీకు తెలిసే అడిగారని అనుకుంటాను, కాబట్టి మొక్క సంగతే చెబుతాను. గింజ మీద ఉండే కొవ్వు ముక్క కోసం చీమలు దాన్ని పుట్టలోకి లాక్కెళ్తాయి. ఆ గింజ మట్టిలో రెండేసి చలికాలాలు గడిపి గానీ ఆకు బయటపెట్టదు. ఆ పైన ఏళ్ల తరబడి ఒకే ఆకు, తర్వాత మూడాకులు. మీరు చూసిన పువ్వు వెనక ఏడేళ్లో ఇంకా ఎక్కువో ఉన్నాయి. పువ్వు ఒక్కటే కదా అని తుంచినా దాంతో పాటు ఆ మూడాకులూ పోతాయి. పైన చెట్లు చిగిర్చి నీడ కమ్మేలోపు ఏడాది తిండి సంపాదించేవి ఆ మూడే.

పెరట్లో కావాలంటే కొనుక్కోండి. ఏథెన్స్‌లోని స్టేట్ బొటానికల్ గార్డెన్ లాంటి చోట్ల స్థానిక మొక్కల అమ్మకాలు జరుగుతుంటాయి. అమ్మేవాళ్లను "ఇది నర్సరీలో గింజ నుంచి పెంచిందా, అడవి నుంచి తెచ్చిందా?" అని తప్పకుండా అడగండి. జవాబు తడబడితే కొనకండి. ధర చాలా తక్కువగా ఉన్నా అనుమానించండి, ఏడేళ్లు సాకిన మొక్కను ఎవరూ రెండు డాలర్లకు అమ్మలేరు. ఓక్ చెట్టు నీడన, రాలిన ఆకులు మగ్గిన మట్టిలో, శరదృతువులో నాటండి.